అమీర్‌పేట: మెట్రో నీడలో నడక దూరం

మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్లే మెట్రో మార్గమూ, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో మార్గమూ ఒకదాని మీద ఒకటిగా కలుసుకునే అమీర్‌పేట, మెట్రో రాకముందు నుంచే హైదరాబాద్‌లో అత్యంత రద్దీగా ఉండే కూడళ్లలో ఒకటి. పాత ముంబయి జాతీయ రహదారి, సికింద్రాబాద్ నుంచి బేగంపేట మీదుగా వచ్చే దారి, యూసుఫ్‌గూడ, జూబ్లీహిల్స్ వైపు సాగే దారి ఈ పరిసరాల్లోనే కలుస్తాయి. దుకాణం, తరగతి గది, బస్‌స్టాపు ఒకదానికొకటి కాలినడకన చేరుకోగలిగినంత దగ్గరలో ఉండటం వల్ల ఈ పేట బతికింది, ఎదిగింది. ఒక మనిషి వాహనం ఎక్కకుండా పది పదిహేను నిమిషాల్లో చేరుకోగల పరిధిని, అంటే ఇంచుమించు 800 మీటర్ల నుంచి కిలోమీటరు వరకు ఉండే దూరాన్ని, పట్టణ ప్రణాళికలో ‘నడక దూరం’ అని వ్యవహరిస్తారు. అమీర్‌పేటలో గత పాతికేళ్లుగా వచ్చిన మార్పులను ఈ కొలతతో పరిశీలిస్తే, నగరం దూరప్రయాణాన్ని సులభం చేయడానికి పెట్టిన శ్రద్ధలో కొంత కూడా నడక దూరాన్ని కాపాడటానికి పెట్టలేదని, ఆ లోపాన్ని మొదట భరించినది జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు, వారిని నమ్ముకుని బతికిన చిన్న వ్యాపారులు అని తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యనాళ్లకు ఈ ప్రాంతం నగరపు పశ్చిమ అంచు. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించినప్పుడు బస్సులకు కావలసినంత జనం నగరానికి ఈ వైపున లేరు. సనత్‌నగర్‌లో పారిశ్రామిక వాడ వచ్చి, నీలం సంజీవరెడ్డి పేరిట వెలసిన సంజీవరెడ్డినగర్‌లో కార్మికులు, ఉద్యోగులు స్థిరపడ్డాక ఇక్కడికి బస్సులూ, కిరాణా కొట్లూ, బడులూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో నిర్మాణం జరుపుకున్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలై, పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు చిత్రంగా చరిత్రలో నిలిచింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి, ప్రకృతి చికిత్సాలయం, ఇరానీ హోటళ్లు, ఒంటి అంతస్తు పెంకుటిళ్లు, చిన్న కాలనీలు కలిసిన ఈ పేట అప్పటికి నివాస ప్రాంతమే.

ఈ స్వభావాన్ని మార్చినది కంప్యూటర్ చదువు. 2000 సంవత్సరం రాగానే, తేదీలో సంవత్సరాన్ని రెండంకెల్లో మాత్రమే రాసుకున్న పాత కంప్యూటర్ ప్రోగ్రాములు తప్పుడు లెక్కలు చూపుతాయన్న ‘వై టూ కే’ భయం 1990ల చివర్లో అమెరికా, ఐరోపా కంపెనీలను పట్టుకుంది. వాటిని సరిదిద్దడానికి కోబాల్ వంటి పాత ప్రోగ్రామింగ్ భాషలు, మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ల పని తెలిసినవారు వేల సంఖ్యలో అవసరమయ్యారు. అదే కాలంలో, 1998 నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నాటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, అంటే హుడా, అమీర్‌పేటలో కట్టించిన మైత్రివనం, ఆ పక్కనే వచ్చిన స్వర్ణజయంతి కాంప్లెక్స్, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోని నీలగిరి వంటి బ్లాకులు చిన్న చిన్న శిక్షణ సంస్థలతో నిండిపోయాయి. హుడా 2008లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)గా మారిన తరువాత కొన్నేళ్లు దాని కార్యాలయం కూడా స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లోనే నడిచింది గనుక, నగరానికి బృహత్ ప్రణాళికలు రాసే సంస్థకు ఈ వీధుల స్వరూపం రోజూ కళ్లెదుటే ఉన్నదని గుర్తించాలి.

ఈ శిక్షణ సంస్థల పద్ధతి విశ్వవిద్యాలయ పద్ధతికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ ప్రవేశ పరీక్ష ఉండదు, డిగ్రీలో వచ్చిన మార్కుల ప్రసక్తి ఉండదు. మొదటి ఒకటి రెండు తరగతులు ఉచితంగా విని, బోధన నచ్చితే చేరడానికి వీలు కల్పించే ‘డెమో’, ఉదయం ఏడు గంటలకే మొదలయ్యే ‘బ్యాచ్’, ఒక్కో సాంకేతికాంశానికి నెలన్నర నుంచి మూడు నెలల గడువు, కొన్ని వేల రూపాయల రుసుము ఈ వ్యవస్థకు ఆధారాలు. జావా, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్, శాప్, ఆ తరువాతి కాలంలో క్లౌడ్, డేటా సైన్స్ అని మార్కెట్ ఏది అడిగితే అది, విశ్వవిద్యాలయ పాఠ్య ప్రణాళిక మారడానికి పట్టే కాలంలో పదోవంతు కూడా పట్టకుండానే, ఇక్కడ పాఠమైపోయేది. ‘ఫ్యాకల్టీ’ అని అందరూ పిలిచే బోధకుడి పేరు సంస్థ పేరుకన్నా పెద్దది; మంచి బోధకుడు ఒక మెట్ల వరుస దిగి మరో మెట్ల వరుస ఎక్కితే విద్యార్థులు కూడా ఆయన వెంటే వెళ్లేవారు. ఇంగ్లీషులో ఉన్న విషయాన్ని తెలుగు కలిపి వివరించడం, అర్థం కానిది మళ్లీ అడగడానికి విద్యార్థి జంకకపోవడం ఇక్కడి బోధనకు ప్రాణం. గ్రామీణ కళాశాలలో కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశం అంతగా దొరకని పట్టభద్రుడికి ఇంతకంటే అందుబాటులో ఉన్న రెండో అవకాశాన్ని ఏ ప్రభుత్వ విద్యాసంస్థా ఇవ్వలేదు.

ఆ పట్టభద్రుల సంఖ్య కూడా అనూహ్యంగా పెరిగింది. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, అర్హులైన విద్యార్థుల కళాశాల రుసుమును ప్రభుత్వమే చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాన్ని విస్తృతం చేసిన తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కళాశాలలు 700 దాటాయి. పట్టా చేతికి వచ్చినా ఉద్యోగానికి కావలసిన నైపుణ్యం రాని లక్షలమందిలో ఎక్కువమంది అమీర్‌పేట దారి పట్టారు. మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావో 2007లో వెలువరించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే గ్రంథంలో హైదరాబాద్ ‘బాడీ షాపింగ్’కు ఒక ముఖ్య కేంద్రంగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పనివారిని సమీకరించి, విదేశాల్లోని కంపెనీలకు అవసరమైనన్నాళ్లు అద్దె పద్ధతిన పంపే వ్యాపారాన్ని ‘బాడీ షాపింగ్’ అంటారు. కోస్తా జిల్లాల వ్యవసాయ మిగులు, కట్నంగా వచ్చిన సొమ్ము శిక్షణకూ వీసాకూ పెట్టుబడిగా మారిన తీరును ఆ పరిశోధన చర్చించింది. లేని అనుభవాన్ని కాగితం మీద చూపించే కన్సల్టెన్సీలు, ఉద్యోగం ఖాయమని చెప్పి డబ్బు వసూలు చేసి మాయమైన సంస్థలు కూడా ఈ వీధుల్లోనే పుట్టాయన్నది దాచవలసిన విషయం కాదు. అయినా మోసపోయినవారి పక్కనే, ఇక్కడ నేర్చుకున్న చదువుతోనే కుటుంబపు దశ మార్చుకున్నవారు కూడా లెక్కకు మించి ఉన్నారు గనుక, ఈ పేటను మోసాల పేటగా మాత్రమే చూపే వర్ణన అన్యాయమైనది.

తరగతి గది చుట్టూ పుట్టిన దుకాణాల వరుసను అర్థం చేసుకోనిదే తరువాతి నష్టం అర్థం కాదు. పాఠం ముగిసిన గంటకల్లా చేతిరాత నోట్సు ప్రతులు జిరాక్స్ కొట్టులో సిద్ధంగా ఉండేవి. అన్నం గదిలోనే వండుకుని కూర మాత్రం బయట కొనుక్కునేవారికోసం ‘కర్రీ పాయింట్లు’ వెలిశాయి. పప్పు, వేపుడు, పులుసు, పెరుగు విడివిడిగా పొట్లాలు కట్టి అమ్మే ఈ కొట్లు తెలుగు నగరాలు కనిపెట్టిన ఉపకారాల్లో ముఖ్యమైనవి. ఒక గదిని ముగ్గురో నలుగురో ఐదుగురో పంచుకునే ‘షేరింగ్’ హాస్టళ్లు బాపునగర్, సంజీవరెడ్డినగర్, బల్కంపేట సందుల్లో గుమ్మం గుమ్మానికీ వచ్చాయి. పండుగలకు ఊరెళ్లడానికి ప్రైవేటు ట్రావెల్స్ కార్యాలయాలు, ఇంటర్వ్యూకు వేసుకునే చొక్కాకు రోడ్డు పక్క బండి నుంచి చందన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్ వరకు అన్ని స్థాయుల బట్టల దుకాణాలు దగ్గరలోనే దొరికేవి. పొద్దుట ఇడ్లీ తిన్న చోటికీ, పాఠం విన్న చోటికీ, రాత్రి పడుకునే చోటికీ మధ్య దూరం కిలోమీటరు దాటని కారణంగా, రవాణా ఖర్చు అనే పద్దు ఆ విద్యార్థి నెల ఖర్చులో దాదాపు లేకుండా పోయింది. తక్కువ డబ్బుతో నగరంలో మూడు నాలుగు నెలలు నిలదొక్కుకోగలిగిన రహస్యం అదే.

ఇంత జనసాంద్రతను ఈ వీధులు ఎలా మోశాయన్న ప్రశ్నకు సమాధానం భవన నియమాల్లో ఉంది. స్థలం వైశాల్యానికీ, దానిపై కట్టే మొత్తం అంతస్తుల వైశాల్యానికీ ఉండవలసిన నిష్పత్తిని ‘ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్’ అంటారు. దేశంలోని చాలా నగరాలు ఈ నిష్పత్తికి గరిష్ఠ పరిమితి పెడితే, హైదరాబాద్‌లో 2006 నాటి 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు దానిని తొలగించి, రహదారి వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలం, ఎత్తు ఆధారంగా అనుమతులిచ్చే పద్ధతి తెచ్చింది. 2012 నాటి 168వ నంబరు ఉత్తర్వు కూడా అదే బాటలో సాగింది. పెంకుటిల్లు ఉన్న స్థలంలో కింద వాహనాలకు స్తంభాల అంతస్తు, పైన ఐదు అంతస్తుల హాస్టల్ రావడం యజమానికి లాభసాటి అయింది. భవనాలు పెరిగాయి; వాటి ముందున్న సందు మాత్రం ఎద్దుబండ్ల నాటి వెడల్పుతోనే ఉండిపోయింది.

ప్రభుత్వం, ఎల్ అండ్ టీ సంస్థ 2010లో ఒప్పందం కుదుర్చుకున్న మెట్రో, పైభాగాన వంతెనగా సాగే పద్ధతిలో రూపుదిద్దుకున్నది. 2017 నవంబరు 28న నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ వరకు 30 కిలోమీటర్ల మార్గాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు, 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గం వరకు రైళ్లు నడిచాయి. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ మార్గం చేరడంతో మొదటి దశ 69 కిలోమీటర్లకు చేరింది. ఈ ప్రాజెక్టులో తరచుగా మరచిపోయే విషయం దాని ఆదాయ నమూనా: రాబడిలో సుమారు సగం టికెట్ల ద్వారా, సుమారు 45 శాతం భూములు, భవనాల వాణిజ్య వినియోగం ద్వారా, మిగిలినది ప్రకటనల ద్వారా రావాలని అంచనా వేశారు. అంటే రైలు నడిపే సంస్థే దుకాణాల స్థలాన్ని అద్దెకిచ్చే సంస్థ కూడా. అమీర్‌పేటకు పక్క స్టేషనైన పంజాగుట్ట వద్ద స్టేషన్‌ను ఆనుకునే మాల్ లేవడం ఆ నమూనాలో భాగం. ప్రయాణికుడు నేలమీదికి దిగకుండానే కొనుగోళ్లు ముగించుకుంటే మెట్రోకు రాబడి. అతడు మెట్లు దిగి పాదబాట మీద నడిస్తే వీధిలోని చిన్న కొట్టుకు రాబడి. ఈ రెండింటి మధ్య పోటీ ఒప్పంద పత్రంలోనే రాసిపెట్టి ఉన్నా, వీధి తరఫున ఆ పత్రం మీద సంతకం చేసినవారెవరూ లేరు.

నిర్మాణ సంవత్సరాల్లో రోడ్డు మధ్య బారికేడ్లు, విస్తరణ కోసం కోల్పోయిన దుకాణాల ముందు భాగాలు, మాయమైన పార్కింగు కలిసి వ్యాపారాన్ని దెబ్బతీశాయి. సుల్తాన్‌బజార్ వర్తకులు మార్గాన్ని మార్చాలని ఏళ్ల తరబడి పోరాడినప్పుడు వారి వాదనలో వారసత్వ భవనాల బలం కూడా ఉంది. అమీర్‌పేట చిన్న వ్యాపారికి అటువంటి బలమేదీ లేదు. రైళ్లు నడిచాక రోడ్డు తెరుచుకున్నది గాని, మధ్యలో స్తంభాల వరుస, కూడళ్ల స్థానంలో వచ్చిన యూ టర్నులు వీధిని రెండు ఒడ్డులుగా చీల్చాయి. ఎదురుగా కనిపించే దుకాణానికి వెళ్లాలంటే స్టేషన్ మెట్లెక్కి, టికెట్లు అమ్మే మధ్య అంతస్తు గుండా దాటి, అవతల దిగవలసి వస్తుంది. యువకుడికి ఇది చిన్న విషయమే. మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలికి, చేతిసంచీ బరువుతో ఉన్న గృహిణికి ఎదుటి దుకాణం ఆనాటితో దూరమైపోయినట్లే.

మెట్రో చేసిన మేలును తక్కువ చేయడం తప్పు. బస్సులో రద్దీ వేళ గంటకు పైగా పట్టే హైటెక్ సిటీ ప్రయాణం ఇరవై నిమిషాలకు తగ్గింది. రాత్రిపూట పని ముగించుకుని వచ్చే ఆడపిల్లలకు వెలుతురు, భద్రత ఉన్న ప్రయాణ సాధనం దొరికింది. పక్కనే ఉన్న మధురానగర్ స్టేషన్‌ను మహిళల కోసం ‘తరుణి’ పేరుతో ప్రత్యేకంగా తీర్చిదిద్దారు. హాస్టళ్లలో విద్యార్థుల పక్క మంచాల్లోకి మాదాపూర్‌లో పనిచేసే ఉద్యోగులు వచ్చి చేరారు, ఎందుకంటే అక్కడి అద్దెలకన్నా ఇక్కడి షేరింగ్ గది, మెట్రో ఛార్జీ కలిపినా చవక. అయితే ఉద్యోగి ఉదయం వెళ్లి రాత్రికి వస్తాడు. మధ్యాహ్నం వీధిలో ఉండడు. విద్యార్థి మాత్రం రోజంతా వీధిలోనే ఉండేవాడు. గదిలో మంచం నిండినా కర్రీ పాయింట్ మధ్యాహ్నపు బేరం తగ్గిపోవడానికి కారణం ఈ తేడాలోనే ఉంది.

అసలు దెబ్బ 2020 మార్చిలో తగిలింది. లాక్‌డౌన్ మొదలవగానే అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్, కూకట్‌పల్లి హాస్టళ్లను చాలా చోట్ల మూసివేయబోతే, వేలమంది విద్యార్థులు, ఉద్యోగార్థులు సొంత ఊళ్లకు వెళ్లే అనుమతి పత్రాల కోసం పోలీస్‌స్టేషన్ల ముందు బారులు తీరారు. ఆ పత్రాలతో బయలుదేరినవారు రాష్ట్ర సరిహద్దు వద్ద గంటల తరబడి నిలిచిపోయారు. తన వీధుల్లో ఇంత ఖర్చుపెట్టిన యువతకు నగరం పూటకూటికీ, పడక చోటుకూ హామీ ఇవ్వలేకపోయిందన్న నిజం ఆ వారంలో తేలిపోయింది. మార్చి 22న ఆగిన మెట్రో సెప్టెంబరు 7న మళ్లీ కదిలింది గాని, ఈలోగా తరగతి గదే కదిలిపోయింది. శిక్షణ సంస్థలు పాఠాలను ఆన్‌లైన్‌కు మార్చాయి. రాజమహేంద్రవరంలోనో, నల్లగొండలోనో ఇంట్లో కూర్చుని అదే బోధకుడి పాఠం వినడం సాధ్యమైంది. ఒక గదిలో వందమందికి చెప్పిన పాఠాన్ని తెర మీద వేలమందికి చెప్పగలిగిన పెద్ద సంస్థలు లాభపడ్డాయి. గది అద్దె కట్టలేక, తెర మీద పేరు తెచ్చుకోలేక మధ్యస్థాయి సంస్థలు చితికిపోయాయి. జిరాక్స్ కాగితం స్థానాన్ని పీడీఎఫ్ ఆక్రమించింది.

ఇంటి దగ్గరే చదువుకోగలగడం పేద కుటుంబానికి పెద్ద ఆదా అన్నది నిస్సందేహం. కాని పక్క గదిలోని వ్యక్తికి వచ్చిన ఇంటర్వ్యూ పిలుపు సంగతి, ఏ కంపెనీలో ఏ ప్రశ్న అడిగారన్న ముచ్చట, ఎవరి మాట నమ్మకూడదన్న హెచ్చరిక టీ కొట్టు దగ్గర ఉచితంగా దొరికేవి. రుసుము కట్టి కొనలేని ఈ చదువును తెర ఇంతవరకు ఇవ్వలేకపోయింది.

చిన్నపిల్లల చదువు విషయంలో నడక దూరానికి చట్టం మద్దతు ఉండటం విశేషం. 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద రూపొందించిన నమూనా నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల నివాసానికి కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. నగరంలో ప్రభుత్వ పాఠశాల దగ్గరలోనే ఉన్నా తల్లిదండ్రులు పసుపు రంగు బస్సులో దూరాన ఉన్న ప్రైవేటు పాఠశాలకు పంపుతున్న కారణంగా, ఆ నియమం కాగితం మీద నెరవేరుతూ జీవితంలో నెరవేరడం లేదు. తెలంగాణ ప్రభుత్వం 2022లో ‘మన ఊరు – మన బడి’, పట్టణాల్లో ‘మన బస్తీ – మన బడి’ పేర్లతో భవనాల మరమ్మతులు చేపట్టి, 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టడం ఈ ధోరణిని తిప్పడానికి చేసిన ప్రయత్నమే. బడికి వెళ్లే బాట మీద బైకులు నిలిపి ఉంటే, ఆరేళ్ల బిడ్డను ఒంటరిగా పంపే ధైర్యం ఏ తల్లికీ రాదు. గోడలకు రంగు వేసిన శాఖ ఆ బాట సంగతిని మరో శాఖకు వదిలివేసింది.

2023 డిసెంబరు 9న అమల్లోకి వచ్చిన మహాలక్ష్మి పథకం రవాణా పటాన్ని మళ్లీ మార్చింది. నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలు గుర్తింపు కార్డు చూపి ‘జీరో టికెట్’ మీద ప్రయాణించవచ్చు. మెట్రో గరిష్ఠ ఛార్జీ మాత్రం 2025 మే నెలలో 60 రూపాయల నుంచి, రాయితీ పోగా, 69 రూపాయలకు పెరిగింది. ఉచిత బస్సు వల్ల ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, దుకాణాల్లో అమ్మకాలు చూసే యువతులకు నెలకు కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా మిగలడం చిన్న విషయం కాదు. పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 నంబరు బస్సు అమీర్‌పేటలో ఆగినప్పుడు కనిపించే కిక్కిరిసిన మహిళా ప్రయాణికులు, ఈ నగరంలో బస్సు అవసరం ఎంతగా అణగిపడి ఉండేదో చెబుతున్నారు. వారి మీద విసుక్కోవడం కన్నా బస్సుల సంఖ్య పెంచడం న్యాయం.

దుకాణాల విషయంలో తాజా మార్పు ‘డార్క్ స్టోర్’. కొనుగోలుదారులకు తలుపు తెరవని, ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లకు సరుకులు సర్ది నిమిషాల్లో పంపించే చిన్న గిడ్డంగిని ఈ పేరుతో పిలుస్తున్నారు. అది వీధిలో ఉన్నా వీధికి చెందదు. అక్కడ అరువు ఖాతా ఉండదు, తెలిసిన ముఖం ఉండదు. వీధికే చెందిన తోపుడు బండ్లవారికి అండగా 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం స్థానాలను వ్యాపారులకే కేటాయించింది, ఐదేళ్లకొకసారి సర్వే జరగాలంది, సర్వే ముగిసేదాకా ఎవరినీ తొలగించరాదంది. ఈ చట్టాన్ని అక్షరాలా అమలు చేస్తే స్టేషన్ మెట్ల కింద పండ్ల బండికీ, ఇడ్లీ బండికీ గీత గీసి చోటు చూపించవచ్చు. నడిచేవారికి అడ్డు లేకుండానే ఆ పని సాధ్యం.

ఇదంతా ఇప్పుడు చర్చించవలసిన కారణం మెట్రో రెండో దశ. 76.4 కిలోమీటర్ల పొడవున ఐదు మార్గాలకు 24,269 కోట్ల రూపాయల అంచనాతో సిద్ధమైన సమగ్ర నివేదికను తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కేంద్రానికి పంపింది. వాటిలో మియాపూర్ నుంచి పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్ల మార్గం, అమీర్‌పేట గుండా వచ్చే అదే జాతీయ రహదారి మీద, చందానగర్, రామచంద్రాపురం వంటి కిక్కిరిసిన అంగళ్ల మధ్యగా సాగుతుంది. స్తంభాలకు గుంతలు తవ్వకముందే ఆ దారి వెంట ప్రతి కిలోమీటరులో ఎన్ని కొట్లు, ఎన్ని బండ్లు, ఎన్ని బడులు, ఎన్ని బస్‌స్టాపులు ఉన్నాయో, వాటిమధ్య రోజూ ఎందరు ఎక్కడెక్కడ రోడ్డు దాటుతున్నారో లెక్క రాయించి, నిర్మాణ కాలంలో బేరం కోల్పోయేవారికి పరిహారాన్నీ, నేలమీద దాటే దారులనూ, రెండు మీటర్లకు తగ్గని పాదబాటనూ ప్రాజెక్టు వ్యయంలోనే చేర్చాలి. 24 వేల కోట్ల రూపాయల పనిలో ఈ ఖర్చు చాలా స్వల్పం; అమీర్‌పేటలో మొదటి దశ నాడు ఎవరూ రాయించని ఆ లెక్కను చందానగర్‌లో రాయించడానికి ఇంకా సమయం ఉంది.